రమ్ము పీపాకు ఎర్ర ఓక్

నార్ఫోక్, వర్జీనియా
1794 మార్చి 9

ఒరేయ్ ఐషమ్,

బతికే ఉన్నావన్నమాట. తొమ్మిది నెలలైంది నువ్వు పారిపోయి. ఒక్క కబురు లేదు. నా తమ్ముడు బతికున్నాడని నాకు చెప్పిందెవరో తెలుసా? పిండి పీపా!

నిన్న దొరసాని దారం కండెల కోసం రేవుకి పోయాను. ఫిలడెల్ఫియా ఓడ పిండి దించుతోంది. వరసగా నిలబెట్టిన పీపాల పక్కనుంచి నడుస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయాను. దాని అంచు మీద బాడిస దెబ్బలు ఎడమ నుంచి కుడికి పోయాయి. దెబ్బ దెబ్బకీ మధ్య వేలెడు సందు, తప్పకుండా. నీకు పని నేర్పేటప్పుడు క్వాష్ మామ నీ ఎడమ చెయ్యి తాడేసి కట్టినా మారని పని అది. ఎవరూ చూడకుండా దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

అసలు సంగతి విను. నేను ఆ పక్కకి తప్పుకున్న కాసేపటికే హస్కిన్స్ దొర వచ్చి సరిగ్గా ఆ పీపా మీదే కూర్చున్నాడు! చుట్ట ముట్టించి, నువ్వు దొరికితే నీ తోలు ఎలా ఒలుస్తాడో ఓడ కెప్టెన్‌కి వర్ణించి వర్ణించి చెప్పాడు. నీ పని మీద కూర్చుని, నిన్ను తిట్టుకుంటూ. నాకు ఒళ్ళు మండిపోయింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగేశాను.

నీకు బుద్ధుందా అసలు? పేరు మార్చుకునే ఉంటావు. చెయ్యి మార్చుకోవాలని తెలియదా? దొరకి కళ్ళు లేవు సరే, ఈ రేవులో చెక్క తెలిసినవాళ్ళు లేరా? నిన్ను పట్టిచ్చినవాడికి బహుమానమని ఊరంతా చాటించాడు. ఆకలి మీదున్నవాడికి అక్కాతమ్ముళ్ళ మమకారం కనపడదు.

ఈ ఉత్తరం తెచ్చినతను కడ్జో. ఆ ఓడలో పని చేస్తాడు, మనవాడే, ఎవరి సొత్తూ కాడు. ఆ పీపా చేసినవాడి చేతికిమ్మని మాత్రం చెప్పాను. నాకు రాస్తే అతనికే ఇవ్వు. చదవగానే కాల్చు, నేనూ కాలుస్తాను. దొరసాని చూపు మందగించి, బైబిల్ చదివి పెట్టడానికి నాకు అక్షరాలు నేర్పింది. నేను నీకు నేర్పింది మాత్రం ఇలా దొంగచాటుగా రాసుకోవడానికే అనిపిస్తోంది.

నీ మేనకోడలు ఫీబీకి పదమూడు నిండాయి. ఐషమ్ మామ ఎప్పుడొస్తాడని అడుగుతుంది. ఏం చెప్పను దాని మొహం చూసి?

క్వాష్ మామ సంగతి తర్వాత రాస్తాను.

నీ అక్క,
హాగర్


ఉత్తరాది రేవు. ఊరు పేరు నీకు తెలుసు, కాగితం మీద పెట్టను
ఏప్రిల్ 2

అక్కా,

తిట్టు. ఇంకా తిట్టు. తొమ్మిది నెలలుగా నన్ను ఎవరూ మనసారా తిట్టలేదు. ఇక్కడివాళ్ళు తిడితే ఒంటికి తగులుతుంది, నువ్వు తిడితే ఇంటికొచ్చినట్టుంది.

చెయ్యి మార్చుకోలేదా అన్నావు. మార్చుకున్నానే! వచ్చిన రోజు నుంచీ కుడిచేత్తోనే పని చేస్తున్నాను. ఇక్కడ నా పేరు పీటర్. కొట్టులో అందరికంటే చేతకానివాణ్ణి. పలక చెక్కితే వంకర, మూత కూర్చునే గాడి తీస్తే ఒకచోట లోతు, ఒకచోట పైపైన. పక్కవాడు ఏమంటాడో తెలుసా? "పీటర్ పీపాలో పిండి పోసి పంపితే, వెనకాలే నడిచేవాళ్ళు దారి పొడుగునా రొట్టెలు చేసుకోవచ్చు." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాలి. క్వాష్ మామ దగ్గర పదిహేడేళ్ళు పని నేర్చినవాణ్ణి, చేతకానివాడిలా నటించి బతకాలి. దీనికి పేరు స్వేచ్ఛట.

హస్కిన్స్ వేయించిన ప్రకటన ఇక్కడి పత్రికలోనూ పడింది. గోడ మీద అంటించారు, నిలబడి చదివాను. "ఐషమ్ అనువాడు పారిపోయినాడు. వయసు ఇరవై ఆరు. ఎడమచేతి వాటము. పీపాల పనిలో బహు నేర్పరి. చూపులో పొగరు కలదు." అక్కా, నా పుట్టుక నుంచీ వాడి కింద ఉన్నాను. బహు నేర్పరి అని వాడి నోట ఒక్కసారి వినలేదు. నన్ను వేటాడటానికి వచ్చేసరికి మెచ్చుకున్నాడు! ఆ కాగితం చింపి నమిలి ఉమ్మేయాలనిపించింది. అది చేస్తే చూపులో పొగరు ఉన్నట్టే కదా, అందుకని తల దించుకుని వచ్చేశాను.

ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, కొట్టులో ఎవరూ లేనప్పుడు, నా చెయ్యి దురద పెట్టినట్టయింది. బాడిస ఎడమచేతిలోకి తీసుకున్నాను. ఒక్క పీపా చేశాను. నిజమైన పీపా. ఆ ఒక్కటే నీ ముందుకొచ్చింది.

మామని తల్చుకుంటూనే ఉంటాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు గుర్తుందా? రమ్ము పీపాకి ఎర్ర ఓక్ పలకలు తెచ్చి పెట్టాను. నువ్వు పీపా చుట్టూ వేసే కర్ర కట్లు వంచుతూ అక్కడే కూర్చున్నావు. మామ నన్ను కొట్టలేదు. ఎర్ర ఓక్ పుల్ల ఒకటి కోసి, ఒక కొస నీళ్ళ బొక్కెనలో ముంచి, రెండో కొస నా నోట్లో పెట్టి ఊదమన్నాడు. ఊదితే నీళ్ళలో బుడగలే బుడగలు! "చూశావురా? దీని ఒళ్ళంతా సందులే. పిండికి పెట్టు, పొగాకుకి పెట్టు, మహారాజులా ఉంటుంది. తడి పోశావా, కారుతుంది. రమ్ముకి తెల్ల ఓకే. ఎర్ర ఓక్ మాట నమ్మి రమ్ము పోసినవాడు తెల్లారి నేల నాకాలి" అన్నాడు. నువ్వు పడీ పడీ నవ్వావు. వారం రోజులు నన్ను "బుడగలోడా" అని పిలిచావు.

ఆయన గురించి ఒక్క మాటా రాయలేదేం? కోపమా నా మీద?

నీ తమ్ముడు
బుడగలోడు


నార్ఫోక్
జూన్ 15

ఐషమ్,

రెండు నెలలు ఆగాను. రాయకూడదనే అనుకున్నాను. నీ "కోపమా" అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు, అందుకని రాస్తున్నాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

మామ పోయాడు. జనవరిలో.

నువ్వు పోయిన మర్నాడు హస్కిన్స్ అందర్నీ పీపాల కొట్టు ముందు నిలబెట్టాడు. "వాడికి పారిపోవడం ఎవడు నేర్పాడు?" అన్నాడు మామ మొహం మీద మొహం పెట్టి. మామ ఏమన్నాడో తెలుసా? "నేను పీపాలు నేర్పానయ్యా. పారిపోవడం నాకు రాదు. వస్తే ముందు నేనే పోయేవాణ్ణి కదా" అన్నాడు. మనవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకి కూడా మామే శిక్ష తిన్నాడు. ముప్పై తొమ్మిది దెబ్బలు. ఆ సాయంత్రమే పొగాకు పీపాలకి కట్లు బిగించమన్నాడు. మామ బిగించాడు. వీపుకి చొక్కా అంటుకుపోయి ఉంది, చేతులు మాత్రం వణకలేదు.

తర్వాత ఆ వీపు మానలేదు. చలికాలంలో దగ్గు పట్టింది. చిత్రిక పొట్టు కుప్ప మీద పడుకుని పోయాడు, చేతిలో బాడిస ఉంది.

శవపెట్టెకి పలకలివ్వనన్నాడు దొర. కొట్టులోవాళ్ళు అడగడం మానేసి దొంగిలించారు. తెల్ల ఓక్, ఉన్నదాంట్లో మేలైనది, రమ్ముకి తీసి పెట్టింది. ఒక్క చుక్క నీరు లోపలికి పోదు. అది మాత్రం నాకు తృప్తి.

నువ్వు పోవడం తప్పనను. ఎన్నటికీ అనను. చెప్పకుండా పోవడం తప్పు. ఒక్క రాత్రి ముందు నా చెవిలో చెప్పి ఉంటే ఆయన్ని నాలుగు రోజులు జబ్బని చెప్పి మంచమెక్కించి దాచేదాన్ని. నీ ఎడమచెయ్యిని నువ్వు తీసుకుపోయావు, ఆయన వీపు మా దగ్గర వదిలేశావు. ఇది రాయకపోతే నా గుండె పగిలేలా ఉంది, రాశాను. ఇప్పుడు నీది పగులుతుందని తెలుసు.

ఇంకొకటి. జార్జియా నుంచి మనుషుల వ్యాపారి ఒకడు దొర ఇంటికి భోజనానికి వస్తున్నాడు. వడ్డించడానికి ఫీబీని పిలుస్తున్నారు. వాడు దాని పళ్ళు చూశాడు.

హాగర్


ఊరు పేరు రాయను
జులై 6

అక్కా,

మూడుసార్లు రాసి చింపేశాను. మొదటి దాంట్లో కత్తి తీసుకుని వస్తున్నానని రాశాను. రెండో దాంట్లో కూడా.

చెప్పకుండా పోయాను, నిజం. చెబితే నీకు తెలిసి ఉండేది. తెలిసినవాళ్ళ చేత వాడు ఎలా చెప్పిస్తాడో మనిద్దరికీ తెలుసు. నీకు తెలియకుండా ఉంటే నిన్ను ముట్టడనుకున్నాను. మామ సంగతి నా బుర్రకి తట్టలేదు. ముసలాయన, ముప్పై ఏళ్ళు వాడికి బంగారం పండించినవాడు, ఆయన్నేం చేస్తాడులే అనుకున్నాను. వాడి గురించి ఇరవై ఆరేళ్ళ తర్వాత కూడా మంచిగా అనుకున్నాను చూడు! అదీ నా తప్పు. అంతకంటే పెద్ద తప్పు నేనింక చెయ్యను.

నా చేత్తో ఏ పనిముట్టు పట్టుకున్నా మామ పట్టుకుంటున్నట్టే ఉంది. పట్టు ఆయనదే, దెబ్బ ఆయనదే. హస్కిన్స్ కొన్నానన్నాడు, అమ్మానన్నాడు, కొట్టానన్నాడు. ఆ దెబ్బని మాత్రం వాడు ముట్టలేకపోయాడు, అది నాతో వచ్చేసింది. మామని చంపినవాడు సుఖంగా చావకూడదు.

కాల్చెయ్ దీన్ని. మర్చిపోకు.

నీ తమ్ముడు


నార్ఫోక్
ఆగస్టు 20

ప్రియమైన సోదరునికి,

క్షేమముగా ఉన్నారని తలుస్తాను. మేమందరమూ దేవుని దయ వలన, దొరగారి దయ వలన క్షేమము.

మన దొరగారు మిమ్ములను మనస్ఫూర్తిగా క్షమించినారు. మీరు ఉన్న ఊరు, పని చేయు కొట్టు, వీధి పేరు తెలియజేసిన యెడల, మీరు మెల్లగా కష్టపడి మీ స్వేచ్ఛను మీరే కొనుక్కొనుటకు పత్రము రాసి పంపెదమని మాట ఇచ్చినారు. అప్పుడు మీరు దాగవలసిన పని ఉండదు. ఫీబీని కూడా ఎక్కడికీ పంపక మన ఇంటనే ఉంచెదరు. ఇంత మంచి మనసు గల యజమాని దొరకుట మన అదృష్టము.

ఇక్కడ పనులు బాగా సాగుచున్నవి. క్వాష్ మామ నేర్పినట్లే రమ్ము పీపాలన్నీ ఎర్ర ఓక్‌తోనే చేయుచున్నారు. చుక్క కూడా కారుట లేదు.

ఆలస్యము చేయక జవాబు రాయగలరు.

మీ ప్రియ సోదరి,
హాగర్


ఊరు పేరు కింద ఉన్నది
సెప్టెంబర్ 11

ప్రియమైన అక్కగారికి,

మీ ఉత్తరము చదివి ఆనందభాష్పములు రాల్చితిని. దొరగారి మంచి మనసు గురించి ఇక్కడ అందరికీ చెప్పుకొనుచున్నాను. పొగరుతో పారిపోయి తప్పు చేసితిని.

ఇప్పుడున్న చోటు వదిలి బాల్టిమోర్ పోవుచున్నాను. అక్టోబర్ పదవ తేదీ నుండి అక్కడ రేవు తూర్పు చివర, తాళ్ళు పేనే పాకకు ఎదురుగా ఉన్న పీపాల కొట్టులో ఉందును. దొరగారు పత్రము అక్కడికే పంపిన, లేక వారే దయచేసిన, కాళ్ళకు మొక్కెదను.

అక్కడ నూనె పీపాలు చేయవలెనట. మామ చెప్పినట్లు నేనూ ఎర్ర ఓక్‌నే వాడెదను.

మీ తమ్ముడు,
ఐషమ్


(కడ్జో చేతికి విడిగా ఇచ్చిన చీటీ)

అక్కా,

"ప్రియమైన సోదరునికి" అని చూడగానే నీకు జ్వరమొచ్చిందేమో అనుకున్నాను. కానీ చెబితే నమ్ముతావో లేదో, స్వేచ్ఛాపత్రం అన్న మాట దగ్గర నా మనసు కరిగింది. ఒక్క నిమిషం నమ్మాను. దాక్కుని దాక్కుని అలిసిపోయాను కదా. తర్వాత ఎర్ర ఓక్ దగ్గరకొచ్చాను. నువ్వు బొక్కెన పక్కన కూర్చుని నవ్వడం కనపడింది. ఈ ఉత్తరంలో ప్రతి మాటా కారుతోందని అప్పుడు అర్థమైంది.

దొర బాల్టిమోర్‌కి కదిలేసరికి కడ్జో ఓడ నార్ఫోక్‌లోనే ఉంటుంది. ఓడ వంటవాడితో మాటయింది. నువ్వూ ఫీబీ ఇద్దరూ ఎక్కండి. దొర చేతిరాత నీకు వచ్చు, మనల్ని బయట ఎవరూ ఆపకుండా దొర రాసిచ్చే దారి చీటీలు నువ్వే రాసుకో. ఇది నమిలి మింగు, కాల్చడం నీకు చేతకావడం లేదు.

బుడగలోడు


నార్ఫోక్, వ్యాపారి కొట్టడి
నవంబర్ 3

ఒరేయ్ ఐషమ్,

బట్టలుతికే ఆమె ఈ కాగితం తెచ్చిపెట్టింది, పెన్సిలు ముక్క కూడా. తొందరగా రాయాలి. రేపు మమ్మల్ని జార్జియా నడిపిస్తారట, సవానా వైపు.

ముందు నువ్వు అడిగేది చెబుతాను. ఫీబీ ఓడెక్కింది. నీ దగ్గరికి చేరిందో లేదో నాకు తెలిసే దారి లేదు.

జరిగింది ఇది. నీ జులై ఉత్తరం నేను కాల్చలేదు. అందులో మామ చేతి పట్టు గురించి రాశావే, అది కాల్చబుద్ధి కాలేదు. పరుపు గడ్డిలో పెట్టాను. దొరసాని దాసీ పరుపు దులిపి దొరకిచ్చింది. వాడు నన్ను బల్ల ముందు నిలబెట్టి, "నువ్వు రాయగలవన్నమాట. అయితే నేను చెప్పింది రాయి. వాడు దొరికితే పిల్ల నీ దగ్గరే ఉంటుంది. దొరక్కపోతే జార్జియా వాడికిస్తాను" అన్నాడు. ఉత్తరాలు తెచ్చేదెవరని అడిగాడు. "సరుకు దించే గుంపులో ఎవరో చేతిలో పెట్టిపోతారయ్యా, మొహం చూడను" అన్నాను. నమ్మాడు! మన మొహాలన్నీ వాడికి ఒకటే కదా, నాకూ అంతే అనుకున్నాడు.

ఒక్కో మాటా వాడు చెప్పాడు, నేను రాశాను. చివర "ఇంటి పని గురించి కూడా రెండు ముక్కలు రాయి, నిజంగా ఉంటుంది" అన్నాడు. నిజంగా ఉండాలని వాడే అడిగాడు! రాశాను. పైకి చదివించుకున్నాడు. "రమ్ము పీపాలన్నీ ఎర్ర ఓక్‌తోనే" అని నేను చదువుతుంటే తల ఊపాడు. ఒక్క క్షణంలో పట్టేస్తాడనుకున్నాను. వాడు సిరా మీద ఇసక చల్లి ఆరబెట్టమన్నాడు.

నీ చీటీ రాగానే దారి చీటీలు రెండు రాశాను. ఫీబీకొకటి, నాకొకటి. వాడి సంతకం వాడికంటే బాగా వచ్చింది. కానీ వాడు బాల్టిమోర్ బయలుదేరేముందు నన్ను పొగ కొట్టడిలో పెట్టి తాళం వేశాడు. "నీ తమ్ముణ్ణి తెచ్చాక తీస్తా" అన్నాడు. పంది మాంసం వేలాడే చోట, నేను కూడా.

ఫీబీ గోడ సందు దగ్గరకొచ్చి, "అమ్మా, నువ్వు లేకుండా నేను పోను" అంది. "పోవే! నేను వెనకాలే వస్తా. బట్టల బుట్ట నెత్తిన పెట్టుకో. ఎవరు పిలిచినా పరిగెత్తకు, పరిగెత్తినవాళ్ళనే కుక్కలు చూస్తాయి" అన్నాను. నా బిడ్డకి నేను చెప్పిన ఆఖరి మాటల్లో మొదటిది అబద్ధం. దానికి వాణ్ణి ఈ లోకంలోనూ పై లోకంలోనూ క్షమించను.

పన్నెండు రోజులు కూర్చున్నాడట బాల్టిమోర్‌లో, తాళ్ళ పాక ఎదురుగా. నల్లవాడు కనపడితే చాలు, ఏ చెయ్యి వాటమో అని చూసేవాడట. ఉత్త చేతులతో వచ్చాడు. వచ్చేసరికి ఫీబీ లేదు. తలుపు తీసే చప్పుడు వినగానే నా దారి చీటీ నమిలి మింగేశాను. సిరా బాగా చేదుగా ఉందిరా.

కొట్టాడు. అది రాయను. కొట్టి కొట్టి ఆయాసపడి, "వాడికెలా తెలిసింది? నేను చెప్పిందే రాశావు కదా, నా కళ్ళ ముందే! ఎలా తెలిసింది?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలని ఉంది వాడికి. అప్పుడు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"రమ్ముకి ఎర్ర ఓక్ వాడితే కారుతుందయ్యా. మీ పీపాల కొట్టులో పొట్టు ఊడ్చేవాడికి కూడా తెలుసు. మీ నాన్నగారి నాటి నుంచీ పీపాలమ్ముకునే తిన్నారు. ఈ ఇల్లు పీపాలు, ఆ గుర్రాలు పీపాలు, దొరసాని మెళ్ళో గొలుసు పీపాలు. క్వాష్ మామ ముప్పై ఏళ్ళు మీ కళ్ళ ముందే చేశాడు. ఒక్క రోజు కూడా అది ఏ చెక్కో అడగలేదా? నమ్మకం లేకపోతే పుల్ల తీసుకుని ఊది చూసుకోండి" అన్నాను.

మర్నాడు వ్యాపారికి అమ్మేశాడు.

కానీ విను, ఇది వినాలి. కొట్టులోవాళ్ళు కిటికీ దగ్గరకొచ్చి చెప్పారు. నన్ను అమ్మిన సాయంత్రం దొర ఒక్కడే పీపాల కొట్టులోకి వచ్చి, అందర్నీ బయటికి పొమ్మన్నాడట. వాళ్ళు పలకల సందుల్లోంచి చూశారు. అంత పెద్దమనిషి, పట్టు మేజోళ్ళతో, బొక్కెన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్ర ఓక్ పుల్ల నోట్లో పెట్టుకుని ఊదుకున్నాడట. బుడగలు!

మామ చూడలేదు. అదొక్కటే బాధ.

హాగర్


ఫిలడెల్ఫియా. ఇంక ఊరు పేరు దాచను
డిసెంబర్ 28

అక్కా,

ఫీబీ చేరింది. చేరింది, చేరింది! నీ ఉత్తరం చేతికొచ్చినప్పుడు అది నా పక్కనే కూర్చుని ఉంది.

అక్టోబర్ ఆఖర్న కడ్జో తీసుకొచ్చాడు. నెత్తిన బట్టల బుట్ట అలాగే ఉంది. దింపమంటే దింపదు. "అమ్మ వెనకాల వస్తోంది, వచ్చాక దింపుతా" అంటుంది. రెండు రోజులు పక్కన పెట్టుకునే పడుకుంది. నీ ఉత్తరం వచ్చాక తనే చదివింది. చదివి, లేచి వెళ్ళి, బుట్టలో ఉన్న దొరసాని రవికలన్నీ కొట్టులో నేల తుడిచే గుడ్డలు చేసింది. అచ్చం నువ్వే.

నిన్ను తిట్టాలని ఉంది. కాల్చమన్న ఉత్తరం దాచుకున్నందుకు. వెనకాలే వస్తానన్నందుకు. దెబ్బలు తింటూ వాడికి చెక్క పాఠం చెప్పినందుకు. తిట్టడానికి నువ్వు ఎదురుగా ఉండాలి కదా! ఎక్కడున్నావో తెలియదు. ఈ ఉత్తరానికి పదకొండు నకళ్ళు రాశాను, సవానా వెళ్ళే ప్రతి ఓడలో మనవాడికి ఒకటి ఇస్తున్నాను. ఒక్కటీ చేరకపోవచ్చు. అందుకే ఇంకో పని కూడా చేస్తున్నాను.

సవానాకి పిండి పోతుంది ఇక్కడి నుంచి. ఆ పీపాలన్నీ నేనే చేస్తానని అడిగి తీసుకున్నాను. ఎడమచేత్తో చేస్తున్నాను, అక్కా. మొదటి రోజు కొట్టంతా పని ఆపి చూసింది. ఆ పక్కవాడు నోరు తెరిచి, "ఒరేయ్ పీటర్, ఇన్నాళ్ళూ ఈ చెయ్యి ఎక్కడ పెట్టావురా?" అన్నాడు. "నా పేరు ఐషమ్" అన్నాను.

తెలుసు, ప్రమాదమే. పట్టుకునేవాళ్ళు వీధుల్లో తిరుగుతున్నారు, చట్టం కూడా వాళ్ళదే. మా చర్చివాళ్ళు నలుగురు ఎప్పుడూ నాతో నడుస్తున్నారు, కొట్టులో నా బల్ల తలుపుకి దూరంగా జరిపారు. రానీ. పని రానివాడిలా ఏడాదిన్నర బతికాను, అది చాలు. మామ దెబ్బని వాడి భయానికి ఇంకొక్క రోజు కూడా దాచను.

ప్రతి పీపా మూతకి లోపలి వైపు ఫీబీ తన పేరు చెక్కుతుంది. పైకి కనపడదు. పిండి అయిపోయి మూత తిప్పి చూసినవాళ్ళకే కనపడుతుంది. తిప్పి చూసేది నువ్వొక్కదానివే.

నీ తమ్ముడు,
ఐషమ్


సవానా నది ఒడ్డు. తోట పేరు రాయను
1795 మే

ఒరేయ్ ఐషమ్,

నువ్వు ఉత్తరం రాశావో లేదో నాకు తెలియదు, ఏదీ రాలేదు. పీపా వచ్చింది.

పోయిన నెల వంటింటి ముందు దించారు. దూరం నుంచే చూశాను, అంచు మీద దెబ్బలు ఎడమ నుంచి కుడికి. మళ్ళీ ఎడమచేత్తో మొదలెట్టావా వెధవా అనుకున్నాను. పిండి అడుగంటేదాకా ముప్పై రోజులు దాని చుట్టూ తిరిగాను. నిన్న ఖాళీ అయింది. కడగడానికి మూత తిప్పాను.

దాని పేరు. చివరి అక్షరం ఎప్పట్లాగే పక్కకి వాలిపోయి ఉంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే అది. వేలితో ఆ గాడి వెంబడి రాసుకుంటూ కూర్చున్నాను. ఏడవలేదు, ఇక్కడ ఏడిస్తే ఎందుకని అడుగుతారు. మూత పగిలిందని చెప్పి నా దగ్గరే పెట్టుకున్నాను. ఇది కాల్చమనకు, కాల్చను.

పీపాలో మూత కూర్చునే గాడి ఒకచోట పైపైన ఉంది. తొందరపడ్డావు. మామ అయితే మళ్ళీ చేయించేవాడు.

ఇక్కడా పీపాల కొట్టు ఉంది, మనవాళ్ళు నలుగురు. ఓడలకి ఉప్పు నీళ్ళలో ఊరేసిన మాంసం అమ్ముతాడు ఈ దొర. నాకు చెక్క తెలుసని వాడికి తెలియదు, వాళ్ళకి తెలుసు. మాట్లాడుకున్నాం. ఈ ఏడు తెల్ల ఓక్ అని వాడు కొన్న పలకల్లో ఎర్ర ఓక్ బాగా కలిసిపోయింది. నీళ్ళు కారి, మాంసం కుళ్ళి, ఓడలవాళ్ళు తిరగ్గొట్టారు. దొర చెక్క అమ్మినవాడి మీద దావా వేశాడు. చెక్క అమ్మినవాడు బైబిల్ మీద ప్రమాణం చేసి తెల్ల ఓకే ఇచ్చానంటున్నాడు. ఇద్దరూ ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పట్టుకున్నారు. రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూడాలని ఇద్దరికీ తట్టలేదు.

ఫీబీని చెక్కుతూనే ఉండమను. ఆ పీపాలు తెచ్చే ఓడ ఎప్పుడొస్తుందో, ఎన్నాళ్ళుంటుందో, కెప్టెన్ ఎప్పుడు తాగుతాడో అన్నీ నేర్చుకున్నాను. ఈ దొర చేతిరాత కూడా నేర్చుకున్నాను, హస్కిన్స్ రాత కంటే తేలిక. నేను వెనకాలే వస్తానని దానికి చెప్పాను. ఆ మాట అబద్ధం కానివ్వను.

ఈ ఉత్తరం బొగ్గు మసితో రాశాను. దారి చీటీకి మసి పనికిరాదు, మంచి సిరా కావాలి. దొర బల్ల మీద నిండు బుడ్డి ఉంది. ఈ రోజు దుమ్ము తుడుస్తూ చూశాను.

నీ అక్క,
హాగర్